పీసీ గేమ్ దుకాణాల పోటీ: కొనేవాళ్లకు ఒరిగిందేమిటి?

#1 రాత్రిదీపం

మొన్న రాత్రి ఒక గంట ఆడుకుందామని కూర్చున్నాను. ఆట ఒక దుకాణంలో కొన్నది. మీట నొక్కగానే ఆ దుకాణం లాంచర్ (ఆటలను దించి, తెరిచే ప్రోగ్రామ్) తెరుచుకుని ముందు తన అప్‌డేట్ తాను దించుకుంది. అది అయ్యాక ఆట మొదలవుతుందనుకుంటే, ప్రచురణ సంస్థవారి సొంత లాంచర్ వచ్చి దాని మీద కూర్చుంది. దానికి వేరే ఖాతా, వేరే పాస్‌వర్డ్. ఇచ్చాను. ఈమెయిల్‌కు ఆరంకెల సంఖ్య పంపామంది. ఆ సంఖ్య నాకు చేరేలోపు దాని గడువు దాటిపోయింది. మళ్లీ పంపమన్నాను. రెండోసారి లోపలికి రానిచ్చి, క్లౌడ్‌లో ఉన్న సేవ్‌కూ (ఎక్కడిదాకా ఆడామో దాచే ఫైలు) కంప్యూటర్‌లో ఉన్న సేవ్‌కూ పొంతన కుదరడం లేదు, ఏది ఉంచమంటారు అని అడిగింది. రెండింటి పక్కనా ఒకే తేదీ. గంట, నిమిషం లేవు. పైది ఎంచుకున్నాను. పదకొండు గంటల ఆట తుడిచిపెట్టుకుపోయింది.

ఆ రెండు సంస్థల పేర్లూ రాయను. ఈ తంతు వాళ్లిద్దరికే పరిమితం కాదు, ఇప్పుడు చాలాచోట్ల ఇదే వరస. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది వేరే సంగతి. పీసీ ఆటలు అమ్మే దుకాణాలు ఇన్ని పుట్టుకొచ్చాయి, ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి తలపడుతున్నాయి. పోటీ పెరిగితే కొనేవాళ్లకు మేలని అందరమూ నమ్మాం. మరి ఆ పోటీ ఎక్కడ జరిగింది? కమీషన్ శాతాల మీద, ఏ ఆట ఎవరి దగ్గర మాత్రమే దొరకాలన్న ఒప్పందాల మీద. అంటే అమ్మేవాళ్లను తమవైపు లాక్కోవడానికి. కొన్న మనిషి రాత్రి పదింటికి మీట నొక్కితే ఏమి జరుగుతుందన్నది ఎవరి లెక్కలోనూ ఉన్నట్టు లేదు.

మీకు ఏ దుకాణంతో ఏ ఇబ్బంది ఉందో రాయండి. మెచ్చుకోవలసినది ఉంటే అదీ రాయండి, కారణంతో సహా.

#2 నీలిమేఘం

రాత్రిదీపం గారూ, పదకొండు గంటలు పోవడం ఎంత బాధో తెలుసు. కానీ అన్ని దుకాణాలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

వాల్వ్ సంస్థ నడిపే స్టీమ్ దుకాణం 2003 సెప్టెంబరులో మొదలై ఒక్కో సౌకర్యాన్నీ పేర్చుకుంటూ వచ్చింది. కొన్నవాళ్లు రాసే సమీక్షలు, మోడ్‌ల (ఆటలకు ఆటగాళ్లే చేసే మార్పుల) కోసం వర్క్‌షాప్, ఏ కంట్రోలర్‌నైనా ఏ ఆటకైనా అమర్చుకునే వీలు, కొన్న 14 రోజుల లోపు, ఆడింది రెండు గంటలు దాటకపోతే కారణం అడగకుండా డబ్బు వాపసు. 2018 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ స్టోర్ తెరిచినప్పుడు ఏమున్నాయి? రెండు ఆటలు కలిపి కొనడానికి కార్ట్ కూడా లేదు. ఐదు ఆటలు కావాలంటే ఐదుసార్లు డబ్బు కట్టాలి. కార్ట్ వచ్చింది 2021 డిసెంబరులో. మూడేళ్లు పట్టింది! అంత డబ్బున్న సంస్థ, అంతమంది ఇంజనీర్లున్న సంస్థ, అంగట్లో బుట్ట పెట్టడానికి మూడేళ్లు తీసుకుంది.

అదే సమయంలో ఎక్స్‌క్లూజివ్‌లు, అంటే తమ దగ్గర మాత్రమే దొరికే ఆటలు, కొనడానికి మాత్రం డబ్బు క్షణాల్లో దొరికింది. మెట్రో ఎక్సోడస్ అనే ఆట సంగతే చూడండి. స్టీమ్‌లో ముందస్తు కొనుగోళ్లు నడుస్తున్నాయి. విడుదల 2019 ఫిబ్రవరి 15. రెండున్నర వారాల ముందు దాన్ని అక్కడి నుంచి లాగేసి ఎపిక్‌లో మాత్రమే అన్నారు. అప్పటికే కొన్నవాళ్లకు ఆట ఇచ్చారు, నిజమే. మిగిలినవాళ్లు ఏడాది ఆగారు. వాళ్ల ఆ ఏడాది నిరీక్షణకు బదులుగా ఏ మేలు జరిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

#3 అడ్డుగీత

నీలిమేఘం గారు స్టీమ్ ఇచ్చిన సౌకర్యాల జాబితా చదివాను. అవి ఎలా వచ్చాయో కూడా చెప్పుకోవాలి.

రిఫండ్ తీసుకోండి. స్టీమ్ ఆ విధానాన్ని 2015 జూన్‌లో తెచ్చింది, అంటే మొదలైన పన్నెండేళ్లకు. ఈఏ అనే ప్రచురణ సంస్థవారి దుకాణం ఆరిజిన్ అంతకు రెండేళ్ల ముందే, 2013లో, తమ సొంత ఆటలకు వాపసు హామీ ఇచ్చింది. 2014లో ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ వాల్వ్‌ను కోర్టుకు ఈడ్చింది. వినియోగదారులకు వాపసు హక్కు లేదని తప్పుదోవ పట్టించారని అక్కడి కోర్టు తేల్చి, 2016లో 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఎవరైనా వెంటపడితే తప్ప కదలని సంస్థను దయామయి అనుకోవడం నావల్ల కాదు.

కమీషన్ సంగతి ఇంకా స్పష్టం. స్టీమ్‌ది ఏళ్ల తరబడి 30 శాతం. 2018 నవంబరు చివర్లో, అంటే ఎపిక్ దుకాణం తెరవడానికి వారం ముందు, వాల్వ్ మొదటిసారి శాతం తగ్గించింది. ఎవరికి? ఒక ఆట మీద కోటి డాలర్లు దాటాక 25 శాతం, ఐదు కోట్లు దాటాక 20 శాతం. పెద్దవాళ్లు జారిపోకుండా వాళ్లకు మెత్తటి పరుపు వేసి, చిన్నవాళ్లను చాప మీదే ఉంచారు. ఎపిక్ మొదటి రోజు నుంచి అందరికీ 12 శాతమే అంది. 2025 జూన్ నుంచైతే ఒక్కో ఆటకు ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల మీద అసలు ఏమీ తీసుకోవడం లేదు.

ఎపిక్ లాంచర్ బాగుందని నేను అనను. బాగా లేదు. కానీ రెండో అంగడి లేని ఊళ్లో మొదటి అంగడివాడు ఎలా ప్రవర్తిస్తాడో మనకు తెలియనిది కాదు.

#4 గవ్వలాట

నేను ఆటలు తయారుచేసే మనిషిని. మాది ఇద్దరి బృందం. రెండు వైపులా వాదనల్లో మా పేరు చెప్పి మాట్లాడుతున్నారు గనుక నా మాట కూడా వినండి.

పది డాలర్ల ఆట ఉందనుకోండి. పన్నులు పక్కన పెడితే, 30 శాతం తీసుకునే చోట మాకు 7 డాలర్లు వస్తాయి, 12 శాతం తీసుకునే చోట 8.80. తేడా పెద్దదే. మూడేళ్ల పని మీద ఆ తేడా అంటే మా ఇద్దరికీ ఇంకో ఆరు నెలల జీతం. అయినా మేము తక్కువ కమీషన్ చోటికి పరుగెత్తం. శాతం ఎంతైనా, అది ఎన్ని అమ్మకాల మీద అన్నదే మా పొట్ట నింపేది. మనుషులు ఎక్కడ ఉంటే సంత అక్కడ. 2025లో స్టీమ్‌లో ఒకే సమయంలో ఉన్నవారి సంఖ్య 4 కోట్లు దాటింది.

విడుదల రోజు ఎలా ఉంటుందో ఒక్కసారి చెప్పనివ్వండి. ఉదయం నుంచి నేనూ నా స్నేహితుడూ ఒకే తెర ముందు కూర్చున్నాం. విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవాళ్లకు ఈమెయిళ్లు వెళ్లాయి. మేము చూస్తున్నది డబ్బును కాదు, సమీక్షల సంఖ్యను. స్టీమ్‌లో పది సమీక్షలు చేరితేనే ఆట పేరు కింద మొత్తం మీద జనం ఏమంటున్నారో కనబడుతుంది. ఏడు దగ్గర ఆగింది. రెండు గంటలు కదల్లేదు. ఎనిమిది. నా స్నేహితుడు టీ పెట్టడానికి లేచి, పెట్టకుండానే తిరిగి వచ్చాడు. సాయంత్రానికి పది అయ్యాయి. ఆ క్షణంలో మాకు కమీషన్ గుర్తు లేదు. 2024లో స్టీమ్‌లో 18 వేలకు పైగా ఆటలు విడుదలయ్యాయి. ఆ గుట్టలో మా ఆట ఒకరి కంటపడడమే గండం.

అందుకే నా ఫిర్యాదు రెండు వైపులా. 2017లో గ్రీన్‌లైట్ (ఆటగాళ్ల ఓట్లతో ఆటలను ఎంచే పద్ధతి) ఎత్తేసి, ఆటకు 100 డాలర్లు కడితే ఎవరైనా అమ్ముకోవచ్చని స్టీమ్ తలుపులు బార్లా తెరిచింది. తెరవడం మంచిదే. ఆ తరువాత ఏది ఎవరికి కనబడాలన్నది ఒక లెక్కల యంత్రానికి వదిలేసింది. ఇక ఎపిక్ వైపు చూస్తే, వారం వారం ఉచితంగా ఆటలు పంచి జనాన్ని పోగుచేసింది. ఆ జనంలో చాలామందికి అక్కడ కొనే అలవాటు మాత్రం పట్టలేదు. ఆపిల్‌తో జరిగిన వ్యాజ్యంలో బయటికి వచ్చిన పత్రాల ప్రకారం 2019లో ఆ దుకాణం నష్టం సుమారు 18 కోట్ల డాలర్లు. ఆ డబ్బులో పదో వంతు వెతుకులాట మీద, సమీక్షల మీద పెట్టి ఉంటే మాలాంటి వాళ్లకు నిజంగా రెండో సంత దొరికేది.

#5 నీలిమేఘం

గవ్వలాట గారూ, ఒక్క ప్రశ్న. కమీషన్ 12 శాతమే అయినప్పుడు ఆట ధర మాకు ఎందుకు తగ్గలేదు?

#6 గవ్వలాట

తగ్గించిన సందర్భం ఉంది. మెట్రో ఎక్సోడస్‌నే అమెరికాలో ఎపిక్‌లో పది డాలర్లు తక్కువకు పెట్టారు. అది ఆనవాయితీ కాలేదు. పెద్ద ప్రచురణ సంస్థలు మిగిలిన తేడాను తమ జేబులో వేసుకున్నాయి. ఇంకో కోణం కూడా ఉంది. వేరేచోట తక్కువ ధరకు అమ్మవద్దని వాల్వ్ ఒత్తిడి చేస్తుందని వోల్ఫైర్ గేమ్స్ అనే డెవలపర్ సంస్థ 2021లో కేసు వేసింది. వాల్వ్ కాదంటోంది. 2024 నవంబరులో కోర్టు దాన్ని డెవలపర్లందరి తరఫు వ్యాజ్యంగా నడవనిచ్చింది. తీర్పు వచ్చేదాకా నేను దీని మీద ఒట్టు వేయను. అయితే మాలో చాలామంది అన్నిచోట్లా ఒకే ధర పెట్టేది భయం చేతనే.

#7 తూనీగ

నేను విండోస్‌కు బదులు లినక్స్ వాడతాను. నా మాట పక్షపాతంగా అనిపిస్తే అనిపించనివ్వండి.

2018 ఆగస్టులో వాల్వ్ ప్రోటాన్ తెచ్చింది. విండోస్ కోసం రాసిన ఆటలు నా యంత్రం మీద మీట నొక్కితే నడిచాయి. అంతకుముందు ఒక్కో ఆట కోసం వారాంతాలు ధారపోసేవాణ్ణి. ఎపిక్ తన లాంచర్‌కు లినక్స్ రూపం ఇవ్వనే లేదు. అంతటితో ఆగినా ఊరుకునేవాణ్ణి. 2019 మే నెలలో రాకెట్ లీగ్ తయారుచేసిన సైయోనిక్స్‌ను కొనేసింది. 2020 మార్చిలో ఆ ఆటకు లినక్స్, మ్యాక్ మద్దతు ఆగింది. సెప్టెంబరులో ఆటను ఉచితం చేసి, కొత్తవాళ్లకు స్టీమ్‌లో దొరకకుండా చేశారు. అడిగినవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చారు. డబ్బు ఎవరికి కావాలి? రోజూ సాయంత్రం కలిసి ఆడుకునే నలుగురం మేము. అందులో ఇద్దరం లినక్స్. ఆ మార్చితోనే మా జట్టు చెదిరింది.

దుకాణం ఆటను అమ్మడం వేరు, ఆటను కొనేసి దారి మళ్లించడం వేరు. ఈ రెండోదాన్ని పోటీ అనడానికి నాకు మనసొప్పదు.

#8 పాతడిస్కు

అందరూ చెప్పినవి చదివాను. ఎవరు ఎంత శాతం తీసుకుంటున్నారు అన్న గొడవలో అసలు సంగతి మరుగున పడుతోంది. మనం కొంటున్నది ఏమిటి?

ఈ వ్యవహారం మొదలైంది 2004 నవంబరులో. వాల్వ్ వారి ఆట హాఫ్‌లైఫ్ 2 డిస్కు కొట్లో కొన్నవాళ్లు కూడా స్టీమ్ ఖాతా తెరిచి, ఇంటర్నెట్‌లో అనుమతి తీసుకున్నాకే ఆడగలిగారు. అప్పుడు జనం మండిపడ్డారు. ఇప్పుడు అదే స్టీమ్‌ను అందరికన్నా నయం అంటున్నాం. అలవాటు ఎంతటి గాయాన్నైనా మాన్పుతుంది, మచ్చ కూడా కనబడనివ్వదు.

యూబీసాఫ్ట్ వారి ది క్రూ అనే కార్ల పందేల ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న దాని సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకునే భాగం ఉన్నా సర్వర్ లేనిదే ఆట తెరుచుకోదు. ఆ తరువాత కొన్నవాళ్ల లైబ్రరీల నుంచి లైసెన్సులే తీసేశారు. డబ్బు కట్టి పదేళ్లు దాచుకున్న వస్తువును ఇంట్లోకి వచ్చి పట్టుకుపోయినట్టు. దాని మీద పుట్టిన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం యూరప్‌లో 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. అమ్మేది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనే ముందు స్పష్టంగా చెప్పాలి. స్టీమ్ కార్ట్‌లో ఆ వాక్యం ఇప్పుడు కనబడుతుంది. ఎప్పటికీ ఆఫ్‌లైన్‌లో ఉంచుకోదగ్గ ఫైలు ఇచ్చే దుకాణాలకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది.

అందుకే నేను వీలైనంతవరకు గాగ్ అనే దుకాణంలో కొంటాను. 2008లో పాత ఆటల కోసం మొదలైంది, డీఆర్‌ఎం (అనుమతి లేనిదే ఆటను తెరుచుకోనివ్వని తాళం) ఉండదు. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దించుకుని డ్రైవ్‌లో పెట్టుకుంటే ఆ దుకాణం రేపు లేకపోయినా ఆట ఉంటుంది. మా ఇంట్లో అరచేతిలో పట్టేంత నల్ల డ్రైవ్ ఒకటి ఉంది. పెద్ద ఆటలు నాలుగేసి గిగాబైట్ల ముక్కలుగా వస్తాయి, ఒక్క ముక్క తగ్గినా ఇన్‌స్టాల్ కాదు. అందుకని దించిన ప్రతిదాన్నీ ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూసి, డ్రైవ్‌కు అంటించిన కాగితం మీద పేరు పక్కన చుక్క పెడతాను. ఇప్పటికి 212 చుక్కలు.

గాగ్‌కు తప్పులు లేవా? ఉన్నాయి. 2020 డిసెంబరులో తైవాన్ వారి డివోషన్ ఆటను అమ్ముతామని ప్రకటించి, కొన్ని గంటల్లోనే వెనక్కు తగ్గింది. ఆ డెవలపర్లు చివరికి తమ సొంత దుకాణం పెట్టుకున్నారు. 2021 సెప్టెంబరులో ఇంటర్నెట్ లేనిదే సగం పనిచేయని హిట్‌మ్యాన్‌ను డీఆర్‌ఎం లేని ఆటగా అమ్మింది. కొన్నవాళ్లు తిరగబడితే అక్టోబరులో తీసేసింది. నమ్మకం మీద బతికే దుకాణం నమ్మకంతో ఆటలాడకూడదు.

#9 కొత్తమొలక

క్షమించండి, నేను కొత్త. స్టీమ్‌లో కొన్న ఏ ఆటా స్టీమ్ లేకుండా నడవదా?

#10 పాతడిస్కు

క్షమాపణ ఎందుకండీ, మంచి ప్రశ్న. డీఆర్‌ఎం పెట్టాలా వద్దా అన్నది స్టీమ్‌లో డెవలపర్ ఇష్టం. కొన్ని ఆటలు ఫోల్డర్‌లోని ఫైలును నేరుగా నొక్కితే స్టీమ్ లేకుండానే తెరుచుకుంటాయి. ఎపిక్‌లోనూ అలాంటివి ఉన్నాయి. కానీ కొనే ముందు ఏది ఎటువంటిదో తెలుసుకునే సులువైన దారి లేదు. వేరే సంస్థవారి డీఆర్‌ఎం, వేరే ఖాతా అవసరం ఉంటే స్టీమ్ పేజీ పక్కన చెబుతుంది. స్టీమ్ సొంత తాళం ఉందో లేదో మాత్రం అక్కడ రాయరు. నన్నడిగితే ధర పక్కనే రాయవలసిన మాట అది.

#11 అడ్డుగీత

మూతపడ్డ దుకాణాల మాట కూడా రావాలి. మైక్రోసాఫ్ట్ వారి గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ 2007లో వచ్చింది. దాని అంగడి 2013లో మూసేశారు. దానికి ముడిపెట్టిన ఆటలను కొన్నవాళ్లు ఆ తరువాత సేవ్‌లు తెరుచుకోక అవస్థలు పడ్డారు. కబుర్ల యాప్ డిస్కార్డ్ 2018లో దుకాణం పెట్టి ఏడాది తిరిగేసరికి దాదాపు చేతులెత్తేసింది. ఈఏ 2011లో స్టీమ్ నుంచి తన కొత్త ఆటలను తప్పించుకుని ఆరిజిన్ పెట్టింది, 2019లో తిరిగి వచ్చింది. యూబీసాఫ్ట్ వెళ్లింది, 2022లో తిరిగి వచ్చింది. తిరిగి వచ్చినవాళ్లు లాంచర్లను ఇంటి దగ్గర వదిలి రాలేదు, వెంట తెచ్చుకున్నారు. రాత్రిదీపం గారి బాధకు మూలం అక్కడే ఉంది.

ప్రచురణ సంస్థల్లో ఒక్క బెథెస్డా మాత్రం పద్ధతిగా చేసింది. 2022లో తన లాంచర్ మూసేస్తూ కొన్న ఆటలనూ, వ్యాలెట్‌లోని డబ్బునూ స్టీమ్‌కు మార్చుకోనిచ్చింది. ఎవరు మూసినా ఆ మాత్రం మర్యాద పాటించాలి.

#12 నిర్వాహక బృందం

స్టీమ్ అభిమానులనూ ఎపిక్ అభిమానులనూ తిట్టుకుంటూ రాసిన నాలుగు సందేశాలు తొలగించాం. దుకాణాలను ఎంత విమర్శించినా అభ్యంతరం లేదు. ఎదుటి సభ్యులను వదిలేయండి.

#13 చేమంతి

ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు. నేను ఆటలు ఆడను. మా అన్నయ్య ఆడేవాడు. పోయి ఏడాది దాటింది.

తోట వేసుకునే ఆట ఒకటి, ఐదేళ్లు అదే ఆడాడు. సెలవులకు నేను వెళ్తే చూపించేవాడు, ఇదిగో ఇక్కడ చెరువు తవ్వాను, ఇక్కడ నీకో ఇల్లు కట్టాను అని. ఆ తోట ఒక్కసారి చూడాలని ఉంది. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెట్టాడు. అది ఇస్తే ఆయన ఫోనుకు సంఖ్య పంపుతామంటోంది. ఆ నంబరు తీసేసి చాలాకాలమైంది. దుకాణంవాళ్లకు మరణ ధ్రువపత్రం జతచేసి రాశాను. ఖాతా ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ చేయడం కుదరదు అని జవాబు వచ్చింది. నేను ఆటలు అడగలేదు. కొనుక్కుంటానన్నాను. ఆ ఒక్క సేవ్ ఇవ్వండి అన్నాను. మళ్లీ అదే జవాబు.

రాత్రిదీపం గారి సేవ్ పోయిందని చదివి, మీకైతే అర్థమవుతుందని రాస్తున్నాను.

#14 పాతడిస్కు

చేమంతి గారూ, అన్నయ్య వాడిన కంప్యూటర్ ఇంకా ఉందా? ఉంటే దాన్ని ఇంటర్నెట్‌కు కలపకండి. లాంచర్ తెరవకండి. ముందు ఈ పని చేయండి.

చాలా ఆటలు సేవ్‌ను కంప్యూటర్‌లోనే రాసి, తరువాత దాని నకలును క్లౌడ్‌కు పంపుతాయి. కాబట్టి అసలు ఫైలు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. లోపలి డిస్కును తీయించి, వేరే కంప్యూటర్‌కు బయటి డ్రైవ్‌లా కలపండి. అన్నయ్య పేరుతో ఉన్న ఫోల్డర్‌లో డాక్యుమెంట్స్, సేవ్డ్ గేమ్స్ అనేవి మొదట చూడండి. అక్కడ లేకపోతే యాప్‌డేటా అనే ఫోల్డర్ ఉంటుంది. అది మామూలుగా కనబడదు, దాచిన ఫోల్డర్లు చూపించమని అడగాలి. కొన్ని ఆటల సేవ్‌లు లాంచర్ ఫోల్డర్ లోపలే యూజర్‌డేటా అన్నచోట ఉంటాయి. ఆట పేరుతో ఏది కనబడినా ఫోల్డర్ మొత్తం నకలు తీసి రెండు చోట్ల దాచండి. ఆ తరువాతే తెరిచే ప్రయత్నం. అదీ నకలు మీద, క్లౌడ్ సింక్ ఆపేసి.

ఎక్కడ ఆగినా ఇక్కడ రాయండి. రాత్రయినా చూస్తాను.

#15 నీలిమేఘం

చేమంతి గారి సందేశం చదివాక నేను మొదట రాసింది మళ్లీ చదువుకున్నాను. స్టీమ్‌ను వెనకేసుకొచ్చాను. స్టీమ్ ఒప్పందంలోనూ ఖాతా బదిలీ కుదరదనే ఉంది. 2024లో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఒకే ఇంటివాళ్లు ఒకరి ఆటలు ఒకరు ఆడుకోవచ్చు, ఎవరి సేవ్‌లు వాళ్లకు ఉంటాయి. చక్కటి ఏర్పాటు. కానీ మనిషి పోయాక ఏమిటన్న ప్రశ్నకు అందులోనూ జవాబు లేదు. నా లైబ్రరీలో ఆరు వందల ఆటలున్నాయి. నా కొడుక్కి వాటిలో ఒక్కటి కూడా చట్టబద్ధంగా ఇవ్వలేను. ఇన్నేళ్లలో ఈ ఆలోచనే నాకు రాలేదు.

కార్ట్ ఆలస్యం గురించి అంత కోపంగా రాశాను. ఆ కోపం ఇంకా ఉంది. దానికన్నా పెద్దది ఇది.

#16 గవ్వలాట

డెవలపర్‌గా ఒక మాట. సేవ్ ఎక్కడ రాయాలో నిర్ణయించేది మేమే. మా ఆటలో సేవ్ ఫోల్డర్‌ను తెరిచే మీట మెనూలోనే పెట్టాం, రెండు గంటల పని. చేమంతి గారి సందేశం నా స్నేహితుడికి చదివి వినిపించాను. వచ్చే అప్‌డేట్‌లో చివరి పది సేవ్‌ల నకళ్లను తేదీ, సమయంతో ఉంచుతున్నాం. ఒక్కో సేవ్ మూడు వందల కిలోబైట్లు కూడా లేదు. ఇంత చిన్న పనిని పెద్ద దుకాణాలు తమ క్లౌడ్‌లో అందరికీ చేసి పెట్టవచ్చు.

ఇంకొకటి, విషయం కొంచెం పక్కకు వెళ్లినా చెప్పాలి. 2025 జులైలో చెల్లింపుల సంస్థలు ఒత్తిడి తెస్తే స్టీమ్ పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన కొన్ని ఆటలను తీసేసింది. ఇచ్.ఐఓ అయితే ఆ తరగతి ఆటలన్నిటినీ వెతుకులాటలో కనబడకుండా చేసింది. డెవలపరే వాటా నిర్ణయించుకోగల, అందరికన్నా చిన్నవాళ్లకు అండగా ఉన్న అంగడి అది. ఆ ఆటలు మీకు నచ్చినా నచ్చకపోయినా, దుకాణాల పైన ఇంకో తాళంచెవి ఉందని ఆ నెలలో అందరికీ తెలిసింది.

#17 తూనీగ

చేమంతి గారూ, డిస్కు తీయడం కష్టమైతే లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో ఆ కంప్యూటర్‌నే తెరవవచ్చు. విండోస్ మేలుకోదు, లాంచర్ మేలుకోదు. డిస్కుకు ఎన్‌క్రిప్షన్ లేకపోతే ఫైళ్లు చూడవచ్చు, నకలు తీయవచ్చు. ఎలాగో విడిగా రాసి పంపాను.

#18 రాత్రిదీపం

నా సేవ్ సంగతి: పాతడిస్కు గారు చెప్పిన చోట్లన్నీ వెతికాను. పాత నకలు దొరకలేదు. సంస్థకు రాశాను, రెండు సేవ్‌ల పక్కన సమయం, ఆడిన గంటలు చూపించమని. స్టీమ్ సమయం చూపిస్తుంది. అది చేయగలిగినప్పుడు మిగిలినవాళ్లు ఎందుకు చేయరు? ఇక మీదట ఏ ఆట కొన్నా మొదటి రోజే మూడు పనులు చేస్తాను. సేవ్ ఎక్కడ రాస్తోందో చూస్తాను. ఇంటర్నెట్ తీసేసి తెరుస్తాను. తెరుచుకోకపోతే రెండు గంటలు దాటకముందే రిఫండ్ అడిగి, కారణం అన్న పెట్టెలో అదే రాస్తాను. వాళ్లు చదివినా చదవకపోయినా రాస్తాను.

చేమంతి గారూ, ఏమైంది?

#19 చేమంతి

రెండు రోజులు పట్టింది. తూనీగ గారు పంపిన పద్ధతిలోనే కంప్యూటర్ తెరిచాం. డాక్యుమెంట్స్‌లో లేదు. యాప్‌డేటాలో ఆట పేరుతో ఫోల్డర్ ఉంది, అందులో నాలుగు సేవ్‌లు. అన్నిటికన్నా కొత్తది ఆయన ఆసుపత్రిలో చేరడానికి తొమ్మిది రోజుల ముందుది. నకళ్లు మూడు చోట్ల పెట్టాను.

ఆట నేనే కొన్నాను, ఇన్‌స్టాలర్ ఇచ్చే చోట. పాతడిస్కు గారు ఫోనులో చెబుతుంటే నకలును నా కంప్యూటర్‌లో పెట్టి తెరిచాను. కొత్త వెర్షన్ అయినా తెరుచుకుంది.

చెరువు ఉంది. నా ఇల్లు ఉంది, తలుపు నీలం రంగు వేశాడు. బావి పక్కన మూడు వరుసల గుమ్మడికాయలు కోతకు వచ్చి ఉన్నాయి. ఎలా కోయాలో నాకు తెలియదు. చీకటి పడేదాకా తోటంతా తిరిగి, ఏమీ ముట్టుకోకుండా మూసేశాను.